ఇషాక్ వేళ్లు చదివిన ఫ్లాపీ

ఇషాక్‌తో నేను పదిహేడేళ్లు కొట్లాడాను. ఒక్కసారి కూడా గెలవలేదు. ఇప్పుడు కొట్లాడదామంటే మనిషి లేడు, ప్రెస్సూ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా పేరు స్వరాజ్యం. సిద్దిపేట బాలికల హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేశాను. 1981లో మా స్కూలు ప్రశ్నపత్రాలు అచ్చు వేయించడానికి రాజమల్లయ్య ప్రెస్సుకు వెళ్లి, మొదటి ప్రూఫు చూడగానే ఓనరు మీద విరుచుకుపడ్డాను. ఒక పేజీలో పదకొండు తప్పులు! ఆయన చల్లగా నవ్వి, "గంత కోపమున్న మనిషే మాకు కావాలె టీచరమ్మా. బడి ఇడిసినంక వచ్చి ప్రూఫులు సూడున్రి" అన్నాడు. అట్లా చేరిన దాన్ని, ప్రెస్సు మూతపడేదాకా వదల్లేదు.

ఆ పదకొండు తప్పులూ ఇషాక్‌వి కావని తర్వాత తెలిసింది. కాపీ, అంటే అచ్చుకిచ్చే రాతప్రతి, రాసిన మా లెక్కల సారువి. ఇషాక్ అక్కడ కంపోజిటర్, ఒక్కో సీసపు అక్షరం ఏరి పేజీ పేర్చేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు, గోళ్ల సందుల్లో ఎన్ని సబ్బులు రుద్దినా పోని నల్ల సిరా. చదివింది అయిదో తరగతి. ఇంట్లో భార్య గులాబ్‌బీతో దక్కనీ ఉర్దూ, ప్రెస్సులో మాతో తెలుగు. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి కదా, వాటిని మనం పేపరు చదివినంత హాయిగా చదివేవాడు. అక్షరాల కేసులో వందల అరలు. ఏ అరలో ఏ ఒత్తు ఉందో చూసేవాడే కాదు. కళ్లు కాపీ మీద ఉండేవి, చేయి దానంతట అది పోయి తెచ్చేది.

ఒకే ఒక్క జబ్బు. కాపీలో ఏముంటే అది పెట్టేసేవాడు. ఒకసారి దౌల్తాబాద్ నుంచి పెళ్లి కార్డు కాపీ వచ్చింది. రాసినాయన కింద ఒక మూల, తన గుర్తుకోసం, "మేనమామ పేరు అడిగి వెయ్యాలె" అని రాసుకున్నాడు. ఇషాక్ అదీ పెట్టాడు. అందంగా, మధ్యలోకి తెచ్చి, కింద పూలగీత కూడా వేశాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇషాక్, నీకు తలకాయ ఉన్నదా లేదా? గిది కార్డుల ఎయ్యమని రాసిండా ఆయన?"

"కాపీల ఉన్నది టీచరమ్మా."

"కాపీల ఉంటే మాత్రం?"

"తలకాయ పని మీది, చేతుల పని నాది. ఇయ్యాల ఒక్క మాట నేను ఇడిసిపెడితే, రేపు రెండు ఇడిసిపెడ్త. ఉంచుడా తీసుడా మీరు సూడున్రి. గందుకే కదా ఎర్రపెన్ను మీ చేతికిచ్చిన్రు?" అన్నాడు, నవ్వకుండా.

ఏం చెప్పమంటారు! ఎర్రపెన్నుతో కొట్టేశాను. మళ్లీ వారానికి ఇంకోటి. పదిహేడేళ్లు ఇదే వరస.

ఆ సీసపు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. సిరా, కిరోసిన్, తడి కాగితం కలిసిన ఆ వాసన నా చీరలకు పట్టేది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకునేవాళ్లు, నాకు మాత్రం అది లేకపోతే తోచేది కాదు. సాయంత్రం ఇషాక్ ఆ రోజు పేజీలను దారంతో గట్టిగా కట్టి, పలక మీద పెట్టి, దాని మీద తడి గుడ్డ కప్పి ఇంటికి వెళ్లేవాడు. ప్రతి పేజీకీ ఒక ప్రూఫు తీసి నా బల్ల మీద పెట్టాల్సిందే. ఇంకో మాట. అక్షరాలు హైదరాబాద్‌లో కొన్నా, మద్రాసులో కొన్నా, పన్నెండు పాయింట్ల సైజంటే పన్నెండు పాయింట్లే. ఒకళ్ల 'క' పక్కన ఇంకొకళ్ల 'మ' పేచీ లేకుండా నిలబడేది. పక్క ప్రెస్సులో 'ళ' అయిపోతే మా దగ్గర నాలుగు చేబదులు తీసుకెళ్లేవాళ్లు.

1995లో రాజమల్లయ్య కంప్యూటర్ కొన్నాడు. సీసమంతా తూకానికి అమ్మేశాడు. బస్తాల్లో అక్షరాలు పోసుకుని రిక్షాలో వేసుకు పోతుంటే, ఇషాక్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ అక్షరాభ్యాసం అతనికి. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ నుంచి వచ్చింది. దానితోపాటు లాక్ అని బొటనవేలంత ముక్క ఒకటి ఇచ్చారు. కంప్యూటర్ వెనక అది గుచ్చి ఉంటేనే తెలుగు తెరుచుకుంటుంది, లేకపోతే మొండికేస్తుంది. ఇంగ్లీషు మీటల మీదే తెలుగు కొట్టాలి. కొన్ని ఒత్తులకు మీటలు చాలక, ఆల్ట్ అనే మీట పట్టుకుని కుడిచేత్తో నాలుగు అంకెలు నొక్కాలి. అట్లాంటివి అరవై దాకా ఉన్నాయి. ఇషాక్ ఆ అంకెలన్నీ నెలలో బట్టీ పట్టాడు. నేను ఎక్కాలు చెప్పలేక నానా తంటాలు పడిన మనిషిని, చూసి కుళ్లుకున్నాను.

కష్టమంతా బయట నుంచి వచ్చేది. హైదరాబాద్‌లో టైపు చేయించిన ఫ్లాపీ పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేవారు. మా మిషన్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు, తోకలు. ఒక్క తెలుగు ముక్క ఉండేది కాదు. వాళ్లు వాడింది వేరే సాఫ్ట్‌వేర్. మా ఫ్లాపీ వాళ్ల దగ్గర పెట్టినా అంతే. ఎవరి తెలుగు వాళ్లకే! నారాయణరావుపేట నుంచి వచ్చినాయనా, కొమురవెల్లి నుంచి వచ్చినాయనా ఒకరికొకరు అర్థమవుతారు గానీ, ఈ డబ్బా తెలుగు ఆ డబ్బాకు అర్థం కాదు. "సీసమే నయముండె టీచరమ్మా, ఎవ్వల అక్షరమైనా నా చేతికొచ్చేది" అనేవాడు ఇషాక్.

ఆ రోజుల్లోనే బుచ్చిరాములు గౌడ్ వచ్చాడు. నారాయణరావుపేటలో కల్లు గీసే మనిషి. యాభై దాటాయి. పాటలు కట్టేవాడు. మల్లన్న మీద, తాటిచెట్ల మీద, సర్పంచి మీద, తన మీద తనే. రాయడం రాదు. వాటిని పుస్తకం చేయాలని రాజమల్లయ్యకు మనసైంది, ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. కల్లు దించి, అమ్మి, మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి, ఇషాక్ పక్కన స్టూలు మీద కూర్చుని పాడేవాడు. ఇషాక్ వింటూ కొట్టేవాడు. కాపీ అన్న మాటే లేదు, ఆయన నోరే కాపీ.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఎవరి మీదకో తోయను, నాదే. ఇషాక్ పాత అలవాటు కొద్దీ, "పాట పాటకు ప్రూఫు తియ్యాల్నా?" అని అడిగాడు. "తెర మీద కనవడుతనే ఉన్నది కదా! కాయితాలు, ప్రింటరు రిబ్బను ఎందుకు ఖరాబు చేసుడు? అన్నీ అయినంక ఒక్కసారే తియ్యి, సూస్త" అన్నాను. సీసంలో పద్నాలుగేళ్లు పేజీ పేజీకీ ప్రూఫు అడిగిన దాన్ని, తెర చూసి మోసపోయాను. ఇషాక్ మాత్రం సాయంత్రం పేజీలు దారంతో కట్టినట్టే, ఆ రోజు పాటలను నీలం ఫ్లాపీలోకి ఎక్కించి, రుమాలులో చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు.

నలభై పాటలయ్యాయి. నలభై ఒకటోది నడుస్తోంది. 1997 ఆషాఢంలో ఒక పొద్దున, వానకు నానిన తాటిచెట్టు మీది నుంచి, నడుముకు కట్టుకునే మోకు జారి బుచ్చిరాములు పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు.

ఆ నెలలోనే పిడుగుపడి ప్రెస్సులో కంప్యూటర్, దాంతోపాటు లాక్ మాడిపోయాయి. రాజమల్లయ్య కొత్త మిషన్ తెచ్చాడు, అందులో వేరే సాఫ్ట్‌వేర్. పాతది ఇచ్చినవాళ్లు దుకాణం ఎత్తేశారట. ఇషాక్ నీలం ఫ్లాపీ కొత్త మిషన్‌లో పెట్టాడు. ఫైలు ఉంది. తెరిస్తే తెర నిండా కొమ్ములు, తోకలు.

నేను ఆ ఫ్లాపీ పట్టుకుని హైదరాబాద్ మూడుసార్లు తిరిగాను. ఒకచోట అదే సాఫ్ట్‌వేర్ ఉందన్నారు. తీరా చూస్తే అది దాని తర్వాతది, పాతవాటిని తెరవదట. "మేడమ్, మీది ఓల్డ్ వర్షన్" అన్నాడు అక్కడి కుర్చీలో ఉన్నాయన. "అవునయ్యా, నేనూ ఓల్డ్ వర్షనే, మా అమ్మ భాష మర్చిపోయానా?" అని అరిచి వచ్చేశాను. అరిస్తే ఏమొస్తుంది! బస్సులో సిద్దిపేట దాకా ఏడ్చుకుంటూ వచ్చాను.

1998 వేసవి సెలవుల్లో బుచ్చిరాములు భార్య అమృతమ్మ ప్రెస్సుకు వచ్చింది. బక్కపలచటి మనిషి. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"టీచరమ్మా, వచ్చే నెల గాయిన సంవత్సరీకం. పాటలు పుస్తకమైతయని రాజమల్లయ్య అన్న చెప్పిండు. ఫోటో ముంగట పెడ్దామని అడుగుడుకొచ్చిన."

ఇషాక్ లేచి తన కుర్చీ వేశాడు. నీలం ఫ్లాపీ ఆమె చేతిలో పెట్టి, "అన్న పాటలు దీన్లనే ఉన్నయి వదినె. మా మిషన్‌కు సదువ వస్తలేదు" అన్నాడు, తలకాయ దించుకుని.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గింతదాంట్ల పట్టినయా? గాయిన నోట్లె పట్టకపోయేటియి" అంది. నవ్వబోయి ఆగింది. తర్వాత నావైపు తిరిగి, "ఆఖరు రాత్రి గాయినతోని మాట్లాడలే టీచరమ్మా నేను. పొద్దుగూకకముందే వస్తనని చెప్పి పోయిండు, చీకటి పడ్డంక వచ్చిండు. నీకు పాటలే పెండ్లాం, ఇల్లు యాదికే ఉండదు అని తిట్టిన. గిన్నె ముంగట పెట్టి అటు తిరిగి పన్న. తెల్లారి నేను లేవకముందే చెట్టుకు పోయిండు" అంది. "గాయిన మాట ఒక్కటన్న ఇంట్ల ఉండాలె. గందుకే వచ్చిన."

ఆ ప్రూఫులు తీయనిచ్చి ఉంటే! నా రిబ్బను పొదుపు మండిపోను!

ఇషాక్ ఆమె చేతిలోని ఫ్లాపీ తీసుకుని మిషన్‌లో పెట్టి ఫైలు తెరిచాడు. మళ్లీ అవే కొమ్ములు, తోకలు. చాలాసేపు చూశాడు. అతని వేళ్లు బల్ల అంచు మీద ఊరికే కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఆగాడు.

"టీచరమ్మా, ఫైలు మొదాల ఏం కొట్టిన్నో నాకు ఎరుకే. బుచ్చిరాములు గౌడ్ అని అన్న పేరు కొట్టిన. గా పేరు పాత మిషన్ల ఎట్ల కొట్టేటోన్నో, గట్లనే గీడ కొట్టి సూస్త."

ఇంగ్లీషులో ఖాళీ పేజీ ఒకటి తెరిచి, కళ్లు మూసుకుని, పాత మీటలే నొక్కాడు. మధ్యలో ఆల్ట్ పట్టుకుని కుడిచేత్తో అంకెలు. కళ్లు తెరిచాడు. ఒక పెద్ద బి, కామా, నెత్తిన టోపీ ఉన్న ఓ, ఇంకేవో. ఫైలు మొదటి వరస పక్కన పెట్టి చూశాం. పొల్లుపోకుండా అదే!

మీటకు పుట్టే గుర్తు మాత్రం ఏ మిషన్‌లోనైనా ఒక్కటే అన్నమాట. దాని మీద తెలుగు ముసుగు వేసే సాఫ్ట్‌వేర్లే వేరు. కళ్లకు తెలియనిది అతని వేళ్లకు తెలుసు. నేను "ఇషాక్!" అని కేకేశాను. అమృతమ్మ బెదిరిపోయింది.

ఆ రోజు నుంచి ఇరవై రెండు రోజులు. ఇషాక్ తెర మీద గుర్తు చూస్తాడు. అది ఏ మీట నొక్కితే వచ్చేదో వేలితో గాలిలో నొక్కుతాడు. నొక్కిన వేలే అక్షరం చెబుతుంది, అది పైకి అంటాడు. నేను నోట్‌బుక్కులో రాస్తాను. మొదట రోజంతా కూర్చుంటే ఒక పాట. పోను పోను పాత సీసాన్ని తిరగేసి చదివినట్టే చదవడం మొదలుపెట్టాడు. అమృతమ్మ రోజూ మధ్యాహ్నం బస్సుకు వచ్చేది, ఆయన వచ్చిన బస్సే. ఆయన కూర్చున్న స్టూలు మీదే కూర్చునేది. సర్పంచి మీద పాట వచ్చిన రోజు ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వాం. ఇషాక్ ఎక్కడైనా తడబడితే ఆమె మెల్లగా అందించేది, అంట్లు తోముతూ విన్న పాటలు కదా.

కానీ ఇషాక్ ఇషాకే! పాటల మధ్యలో "జర నీళ్లు ఇయ్యి భాయ్" అని వచ్చింది. ఇంకోచోట "గీ మాట బాగలేదు, కొట్టెయ్యి" అని వచ్చింది. కొట్టెయ్యమన్న మాటా ఉంది, కొట్టెయ్యమని చెప్పిన మాటా ఉంది. ఆయన నోటినుంచి వచ్చిందల్లా టైపు కొట్టాడు మహానుభావుడు. "ఇవి గూడ ఎందుకు కొట్టినవ్?" అని గయ్యిమన్నాను. "కాపీల ఉన్నది టీచరమ్మా" అన్నాడు. నేను అలాంటివి రాయకుండా వదిలేస్తూ వచ్చాను. ఎర్రపెన్ను నాది కదా.

ఇరవై రెండో రోజు నలభై ఒకటో పాట. అది మేమెవరమూ వినలేదు, అమృతమ్మ కూడా. ఇషాక్ మెల్లగా చదివాడు.

"తాడెక్కి సూస్తే ఊరంత సిన్నగ,
ఊరందు నా ఇల్లు ఇంకింత సిన్నగ,
వాకిట్ల నిలవడ్డ నా ఇంటి మనిషి..."

ఆగిపోయాడు. వేలు గాలిలో ఉండిపోయింది.

"తర్వాత?" అన్నాను.

"పాట గంతే టీచరమ్మా. ఇంక మాటలున్నయి."

"మాటలు వదిలెయ్" అనబోయి, అమృతమ్మ మొహం చూసి ఊరుకున్నాను. ఇషాక్ ఒక్కో అక్షరం చదివాడు.

"ఆగు ఇషాక్ భాయ్. నాలుగో వరస కుదుర్తలేదు, రేపొచ్చి చెప్త. పొద్దుగూకుతుంది, నేను పోవాలె. అమృతకు మాటిచ్చిన. నేను పొయ్యేదాంక వాకిట్లనే నిలవడుతది, ముద్ద ముట్టది. ఇగ బస్సు దొరుకుతదో లేదో."



ఇషాక్ కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాడు. "నిజమే వదినె. బస్సు ఎల్లిపోయింది గా పూట. ఇంకో బస్సు లేక, కొంత దూరం నడిచి, కొంత దూరం లారీల పోయిండంట. లారాయన అన్నడని రాజమల్లయ్య సేఠ్ తెల్లారి చెప్పిండు. అప్పటికే అన్న లేడు. నా పక్కన కూసునే ఆలస్యమాయెనని నీకు చెప్ప నోరు రాలే" అన్నాడు.

అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "యాదికున్న కదా" అంది. "యాదికున్న కదా నేను, గాయినకు." ఏడాది పొడుగునా దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. నేను లేచి ఆమెను పట్టుకున్నాను. ఇషాక్ గోడవైపు తిరిగి రుమాలు తీశాడు, ఫ్లాపీ చుట్టే ఆ రుమాలు.

తేరుకున్నాక ఆమె నా నోట్‌బుక్కు వైపు చూసింది. చదువు రాకపోయినా, నేను రాయడం ఆపేశానని కనిపెట్టింది.

"రాసినవా టీచరమ్మా?"

"పాట రాసిన అమృతమ్మా."

"మాటలు గూడ రాయి. గాయిన బస్సు మాట గూడ."

రాశాను. ఒక్క మాటా వదలకుండా రాశాను.

ఇషాక్ ఆ నోట్‌బుక్కు చూసి కొత్త సాఫ్ట్‌వేర్‌లో పుస్తకమంతా మళ్లీ కొట్టాడు. ఈసారి పేజీ పేజీకీ ప్రూఫు తీసి నా బల్ల మీద పెట్టాడు, నేను అడగకుండానే. ఆఖరి పేజీలో మూడు వరసల పాట, దాని కింద ఆ మాటలు, కాపీలో ఉన్నవి ఉన్నట్టు. వాటి కింద సన్నటి పూలగీత. సంవత్సరీకం నాడు అమృతమ్మ ఆ పేజీయే తెరిచి ఫోటో ముందు పెట్టింది.

ఆ ఫ్లాపీ ఇప్పుడు నా బీరువాలో ఉంది. పెట్టి చూద్దామంటే దానికి సందున్న కంప్యూటరే ఊళ్లో దొరకదు. నాకు అక్కర కూడా లేదు. ఆ చివరి పేజీ ప్రూఫు మాత్రం తీసి అప్పుడప్పుడు చూసుకుంటాను. అది నా బల్ల మీదికి వచ్చిన రోజు ఎర్రపెన్ను మూత తీశాను, రెండుసార్లు చదివాను, మూత పెట్టేశాను. దాని మీద ఒక్క దిద్దుబాటూ లేదు, కింద నల్లసిరాతో నా సంతకం ఒక్కటే ఉంటుంది.